నడిచి యాడికి పోవాలె

పిల్లలిద్దరూ ఇప్పుడే నిద్రపోయారు. కర్ఫ్యూ పెట్టి వారం కావస్తోంది. బడి లేదు, గల్లీలోకి అడుగు పెట్టే వీల్లేదు. ఉన్న రెండు గదుల్లో ఏడేళ్ల మగపిల్లవాడు, నాలుగేళ్ల ఆడపిల్ల, వాళ్ల వెనక నేను. కదలిక లేక మావాడికి తిన్నది అరగడం లేదు, చిన్నది కారణం లేకుండా ఏడుస్తోంది. నేనేమో వారపత్రికల్లో పిల్లల ఆరోగ్యం గురించి ఏది పడినా కత్తిరించి దాచుకునే తల్లిని. ఒకరి నుదురు ముట్టి చూడటం, ఇంకొకరి నాలుక చూడటం, అన్నం ఎన్ని ముద్దలు మిగిల్చారో చూసి దిగులుపడటం, పగలంతా ఇదే పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గదిలో బల్ల చుట్టూ పరుగెత్తాలని వాళ్లకొక నియమం పెట్టాను. మొదట్లో నవ్వుకుంటూ పరుగెత్తారు. మొన్న సాయంత్రం మావాడు సగంలో ఆగిపోయి, నడుము మీద చేతులు పెట్టుకుని, ఉరికి ఉరికి ఎక్కడికి పోవాలమ్మా అని అడిగాడు.

 దాదాపు ఇదే మాట నా చిన్నతనంలో ఒకసారి విన్నాను, ఇలాంటి రోజుల్లోనే, మా తమ్ముడి నోట. అప్పుడా మాట విని మా అమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

అప్పుడు మేము లాడ్ బజార్ వెనక ఒక సన్నటి గల్లీలో అద్దెకుండేవాళ్లం. ఒక గది, వంటకు రేకుల చాటు, ముందు నలుగురు నిలబడితే నిండిపోయే వాకిలి, వాకిట్లో నీళ్ల గోళెం, దాని పక్కన ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే పెద్ద షాబాదు బండ. మాకూ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే, ఆ గోడలో ఒక చిన్న తలుపు. గల్లీలో అందరూ దాన్ని ఖిడికీ అనేవాళ్లు గాని అది కిటికీ కాదు, పెద్దవాళ్లు తల వంచి దూరిపోయేంత తలుపు. గోషా పాటించే ఆడవాళ్లు వీధిలోకి రాకుండానే ఇరుగింటికీ పొరుగింటికీ వెళ్లి రావడానికి ఆ ఇళ్లు కట్టినవాళ్లు పెట్టించారట. పాతబస్తీలో పెరిగిన నా ఈడు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అలాంటి తలుపులన్నీ తీసి ఉంటే గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు చెప్పులు లేకుండా వెళ్లిపోవచ్చని మా నాయనమ్మ అనేది.

ఆ తలుపు అవతల ఖాలా ఉండేది. పిన్నిని వాళ్లు ఖాలా అంటారు గనుక మేమూ అలాగే పిలిచేవాళ్లం, అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. మా తమ్ముణ్ణి ఆమె మున్నా అనేది. భర్త లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలకు సరుకు వేసేవాడు, ఆ సరుకు తయారుచేసేది ఖాలా. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, లక్కను మెత్తబరిచి, గాజుగా వంచి, వేడి ఆరకముందే దాని మీద మెరిసే రాళ్లు ఒక్కొక్కటే అద్దేది. బడి నుంచి రాగానే నేను పుస్తకాల సంచీ విసిరేసి ఆ తలుపులోంచి దూరి ఆమె పక్కన కూర్చునేదాన్ని. మా ఇంట్లో పచ్చిపులుసు చేస్తే ఒక గిన్నె అటు పోయేది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రావడం నేనెన్నడూ చూడలేదు. నాలుగు ఖర్జూరాలో, గుప్పెడు శనగలో, ఏమీ లేని రోజు చిటికెడు చక్కెరో అందులో వేసి ఇచ్చేది. నాయనమ్మా అంతే. ఉత్త గిన్నె పంపితే ఇంటికి మంచిది కాదనేది. అలా ఆ రెండిళ్ల మధ్య ఒకటో రెండో గిన్నెలు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉండేవి.

ఆ ఏడు సంక్రాంతి ముందర పతంగుల రోజుల్లో మా తమ్ముడు, ఆరేళ్లవాడు, తెగిపోయిన పతంగి కోసం పక్క మిద్దె పిట్టగోడ ఎక్కి కింద పడ్డాడు. కాలు విరిగింది. ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోదామని నాయనమ్మ, ఆసుపత్రికే పోదామని బాపు, ఆ రోజంతా వాదించుకున్నారు. చివరికి బాపు మాటే నెగ్గి సిమెంటు కట్టు వేయించారు. అయితే కట్టు విప్పాక రుద్దడానికి నూనె మాత్రం పహిల్వాన్ దగ్గర్నుంచే తెప్పించి, నాయనమ్మ తన మాట కూడా నెగ్గించుకుంది. కట్టు విప్పినప్పుడు మోకాలు వంగలేదు. డాక్టరు బాపుతో కచ్చితంగా చెప్పాడట, రోజూ నడిపించాలి, నొప్పి అని ఏడ్చినా నడిపించాలి, కూర్చోబెడితే మోకాలు అలాగే బిగుసుకుపోతుంది, ఆ తర్వాత తనూ ఏమీ చేయలేడని. బాపు ఒక వెదురు కర్ర కోసి, నునుపు చేసి, వాడి ఎత్తుకు సరిపోయేలా ఇచ్చాడు. పొద్దునా సాయంత్రం వాణ్ణి గల్లీ చివర మిఠాయి దుకాణం దాకా నడిపించి, ఒక జిలేబీ ముక్క తినిపించి, తీసుకొచ్చేవాడు. వాడి కర్ర టక్కు టక్కుమంటూ పోయే చప్పుడు గల్లీకంతా అలవాటైపోయింది. మోకాలు కొద్దికొద్దిగా దారికొస్తున్న సమయంలో ఊళ్లో లొల్లి మొదలై కర్ఫ్యూ పెట్టారు.

బాపు బస్సు డిపోలో మెకానిక్కు. కర్ఫ్యూ పెట్టినప్పుడు డిపోలోనే ఉన్నాడు, అక్కడే ఉండిపోయాడు. క్షేమంగా ఉన్నాడని ఎవరో కబురు తెచ్చారు గాని మనిషి రాలేదు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, మేమిద్దరం. మొదటి రోజు సాయంత్రం గల్లీ పెద్దలెవరో తలుపు తట్టి, జాగ్రత్తగా ఉండండని చెప్పి పోయారు. ఎవరి నుంచి జాగ్రత్తగా ఉండాలో వాళ్లు చెప్పలేదు, మేమడగలేదు. వాళ్లు పోగానే నాయనమ్మ లేచి గోడలోని చిన్న తలుపుకు గడియ వేసింది. ఆ గడియ వేయగా నేను చూడటం అదే మొదలు, తుప్పుపట్టి అతి కష్టం మీద కదిలింది. అది చాలదనిపించి, అమ్మ చేత జొన్నల డబ్బాను గదిలోంచి లాగించి తలుపుకు అడ్డం పెట్టించింది. నిండు డబ్బా నేల మీద చేసిన కర్రుమనే చప్పుడు అవతలికి వినబడకుండా ఉండదని నా చిన్న బుర్రకు కూడా తట్టింది. అమ్మ ముఖం ఎర్రబడింది. 

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. డబ్బాలోంచి జొన్నలు తీస్తే డబ్బా తేలికవుతుంది, తేలికైతే తలుపు ఆగదు, కాబట్టి జొన్నలు తీయకూడదని నాయనమ్మ తీర్మానించింది.

"తలుపుకు తిండి వెట్టి పిల్లల్ని పస్తు పండవెడుదమా అత్తమ్మా" అంది అమ్మ.

"నీకేంది, ఐదు సదివిన దైర్యం నీది" అంది నాయనమ్మ.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఎన్ని జొన్నలు తీస్తే అంత బరువు డబ్బా మీద పెట్టాలి. ముందు ఇస్త్రీపెట్టె ఎక్కింది, తర్వాత చిన్న రోలు, బాపు పనిముట్ల సంచీ, ఆ పైన విసుర్రాయి. జొన్నలు డబ్బాలో, వాటిని విసిరే రాయి డబ్బా మీద. రొట్టె కావాలంటే మొత్తం దించాలి, పిండి విసరడం అయ్యాక మొత్తం మళ్లీ ఎక్కించాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజుల్లో మా ఇంట్లో మంచి వ్యాయామం ఎవరికైనా దొరికిందంటే అది అమ్మకే.

దొరకనిదల్లా తమ్ముడికి. బయటికి పోకుండా పిల్లల్ని ఆడించడమంటే నాయనమ్మకు తెలిసినవన్నీ కూర్చుని ఆడేవే. పచ్చీసు, కచ్చకాయలు, వామనగుంటలు, పొడుపు కథలు. ఆమె పిలిచిందంటే వాడు కాలు చాపుకుని కూర్చునేవాడు, ఇక లేచేవాడు కాదు. అమ్మ బొగ్గుతో వాకిట్లో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక బెల్లం ముక్క పెట్టింది. వాడు నన్ను బతిమాలి బెల్లం తెప్పించుకుని తిన్నాడు. నేను రైలాట కనిపెట్టాను, నేను ఇంజను, వాడు గార్డు. ఒక రోజు బాగానే నడిచింది. వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడకు మూడు అంగల్లో అయిపోతుంది, స్టేషన్లన్నీ అవే స్టేషన్లు. మర్నాడు గార్డు మధ్యలో కూర్చుండిపోయాడు.

"లే నాయనా, జర నడువు" అని అమ్మ బుజ్జగించింది.

"నడిచి యాడికి పోవాలె" అన్నాడు వాడు. "ఈ గోడకు పోవుడు, ఆ గోడకు వచ్చుడు. గోడకాడ ఏమున్నది?"

అమ్మ తిట్టింది, తర్వాత బతిమాలింది, చివరికి చంకల కింద చేతులు వేసి లేపింది. వాడు కాలు బిగబట్టి గట్టిగా ఏడ్చాడు. ఆ రాత్రి నూనె రుద్దుతూ మోకాలు వంచబోతే మళ్లీ మొదటి రోజుల్లోలాగే కర్రలా ఉంది. అప్పుడే అమ్మ గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను. ఊళ్లో ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు గాని, మా ఇంట్లో ఏం జరుగుతోందో అర్థమైంది. కర్ఫ్యూ ఎత్తేసేసరికి మా తమ్ముడు కుంటివాడైపోతాడని అమ్మ భయం. బాపు వచ్చి అడిగితే ఏం చెప్పాలని.

ఆ తర్వాత వాడి కర్ర మూలకు చేరింది. రెండు రోజులు ఇంట్లో టక్కు టక్కు లేదు. రెండో రోజు మధ్యాహ్నం గోడలోని తలుపు మీద ఎవరో తట్టారు.

అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. నాయనమ్మ రోకలి అందుకుని ఎవరది అంది, గొంతు పెద్దది చేద్దామనుకుంది గాని అది పెద్దది కాలేదు.

"నేనే అమ్మా" అంది ఖాలా. ఆమె తెలుగులో సగం ఉర్దూ ఉండేది, మా నాయనమ్మ ఉర్దూలో సగం తెలుగు, అలా ఇద్దరికీ సరిపోయేది. "రెండొద్దుల సంది మున్నా కట్టె ఆవాజ్ ఇనొస్తలేదు. బుఖార్ గిట్ల వచ్చిందా ఏంది?"

"జెరం లేదు ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉన్నడు."

"మంచిగుంటె ఆవాజ్ ఏది?"

 అమ్మ డబ్బా దగ్గరికి వెళ్లి, చెక్కకు నోరు ఆనించినట్టుగా నిలబడి, "నడుస్తలేడక్కా, మోకాలు మల్ల బిగుస్తున్నది" అని, అన్నాళ్లూ కొంగులో దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది.  అది విని ఖాలా తలుపు తీయమంది.

"డబ్బా అడ్డమున్నది" అంది నాయనమ్మ, గొంతు తగ్గించి.

"ఎరుకే. గుంజిన దినమే ఇన్న" అంది ఖాలా. కొంచెం ఆగి, "జర టైం పడ్తది అమ్మా. మా దిక్కు గూడ సందూక్ ఉన్నది" అంది.

నాయనమ్మ రోకలిని మెల్లగా గోడకు ఆనించింది. "ఎంత సందూక్" అని అడిగింది.

"నా షాదీది. ఇనుప సందూక్. దాంట్ల రజాయిలన్ని నింపిన."

"మాది జొన్నల డబ్బా. మీద ఇసుర్రాయి గూడ పెట్టినం."

"ఇసుర్రాయి గూడనా" అంది ఖాలా, ఆ మాట సగంలోనే నవ్వు మొదలైంది. అటు ఆమె, ఇటు మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ, మధ్యలో నాయనమ్మ, ఎవరు ఎవరికి వినబడేలా నవ్వుతున్నారో తెలియకుండా చాలాసేపు నవ్వారు. ఆ నవ్వులో ఏముందో అప్పుడు నాకు తెలియదు. భయపడ్డది తాను ఒక్కతే కాదని తెలిస్తే మనిషికి ఎంత తేలికవుతుందో ఇప్పుడు తెలుసు.

రెండు వైపులా లాగడాలు మొదలయ్యాయి. నేను ఇస్త్రీపెట్టె దించాను, అమ్మ రోలు, విసుర్రాయి దించింది. తలుపు వెనక ఇనుప పెట్టె కర్రుమంటూ జరిగింది. తుప్పు గడియను బాపు పనిముట్ల సంచీలోని సుత్తితో నాయనమ్మే కొట్టింది. తలుపు తెరుచుకునేసరికి, ఆ లొల్లిలో మేమెవరం చూడలేదు, మా తమ్ముడు కర్ర తీసుకుని లేచి వచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. అవతల ఏముందో చూడాలని వచ్చాడు.

ఖాలా వాణ్ణి జాలిగా చూడలేదు, ఎలా ఉందని కూడా అడగలేదు. కుంపటి ముందు కూర్చుని, తన వాకిట్లో ఎండ ఎక్కువైందని, గాజులు తొందరగా ఆరడం లేదని, మా గోళెం పక్కన బండ చల్లగా ఉంటుంది గనుక గాజులు దాని మీద పెట్టి వచ్చే మనిషి కావాలని వాడికి వినబడేలా అంది. ఒక్కసారికి ఒక్క జతే తీసుకుపోవాలి, ఎక్కువైతే ఒకదానికొకటి అంటుకుని రాళ్లు ఊడిపోతాయి. పరుగెత్తకూడదు, ఆగకూడదు. అడ్డం ఎవరు వచ్చినా జరగమనాలి.

మా తమ్ముడు ఒక చేతి వేళ్లకు గాజుల జత తగిలించుకుని, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని బయలుదేరాడు. ఖిడికీ దగ్గర గడప ఎత్తుగా ఉండేది. అది దాటాలంటే మోకాలు వంచక తప్పదు. మొదటిసారి పళ్లు బిగబట్టి దాటాడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా దాటాలి గదా. అటూ ఇటూ అలా పొద్దుగూకేదాకా తిరిగాడు. రాత్రి నూనె రుద్దుతుంటే కాలు నొప్పి అనలేదు, రేపు ఎన్ని జతలు ఉంటాయని అడిగాడు. రొట్టె ఇంకొకటి అడిగి తిన్నాడు. పక్కలో వాలీ వాలకముందే నిద్రపోయాడు.

దుకాణాలు మూసి ఉన్నాయి, ఆ గాజులు కొనేవాళ్లు లేరు. అవి ఆరడానికి ఖాలా ఇంటి అరుగు నీడ చాలు, అంతకుముందు ఎన్నో ఏళ్లుగా అక్కడే ఆరేవి. ఇదంతా నాకు పెద్దయ్యాక తట్టింది. అప్పుడు మాత్రం మా బండ లేకపోతే లాడ్ బజార్ మొత్తం ఆగిపోతుందని నేనూ నమ్మాను, వాడికి అడ్డం రాకుండా నాయనమ్మ చేత కూడా దారి విడిపించాను. నాలుగైదు రోజులకు వాడు ఎప్పుడు కర్ర వదిలేశాడో ఎవరూ గమనించలేదు. రెండు చేతులుంటే రెండు జతలు తీసుకుపోవచ్చని వాడికే తట్టినట్టుంది.

సడలింపు ఇచ్చిన రోజు బాపు వచ్చాడు, గడ్డం మాసి, డిపో నూనె మరకల బట్టలతోనే. వీధి తలుపు తీసి వాకిట్లో అడుగు పెట్టాడు, తెరిచి ఉన్న ఖిడికీని చూశాడు, దాన్లోంచి కర్ర లేకుండా గడప దాటి వస్తున్న కొడుకును చూశాడు. దగ్గరికి పోయి ఎత్తుకుందామని వంగాడు.

"అడ్డం జరుగు బాపు, గాజులు వేడిగున్నయ్" అన్నాడు మా తమ్ముడు.

బాపు జరిగాడు. గోడకు ఆనుకుని, వాడు బండ దాకా పోయి, వంగి గాజులు పెట్టి, మళ్లీ ఖిడికీ వైపు పోవడం చూస్తూ అలాగే నిలబడ్డాడు. లోపల్నుంచి అమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

మా తమ్ముడికి ఇప్పుడు నౌకరీ వచ్చింది. వాడితో కలిసి బస్టాపు నుంచి నడవాలంటే నాకే ఆయాసం. నాయనమ్మ పోయింది. ఖాలా పెద్ద కొడుకుతో బార్కస్ వైపు వెళ్లిపోయింది, ఎప్పుడైనా పెళ్లిళ్లలో కనబడితే మున్నా కాలు ఎట్లుంది అనే అడుగుతుంది. మేమున్న ఇల్లు చేతులు మారింది. పోయినేడు అటు పోయినప్పుడు చూశాను, ఆ గోడలో ఖిడికీ లేదు. ఇటుకలు పెట్టి మూసేశారు. పాత సున్నం గోడ మధ్యలో తలుపంత మేర సిమెంటు రంగు వేరుగా ఉంది. కొత్తగా కట్టే ఇళ్లలో ఆ తలుపు పెట్టుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. మేము ఇప్పుడున్న ఇల్లే చూడండి, పక్కింటికీ మాకూ రెండు వేరువేరు గోడలు, వాటి మధ్య చేయి పట్టనంత సందు, గోడల మీద గాజు పెంకులు. వచ్చి ఏడాది దాటినా పక్కింటావిడ దండెం మీద ఆరేసే చీరలు తెలుసు గాని ఆవిడ తెలియదు.

మొన్న మావాడు అడిగిన ప్రశ్నకు నాకు జవాబు దొరక్క, నిన్న పొద్దున వాణ్ణి మిద్దె మీదికి పంపాను, పక్కింటి మిద్దె మీద ఆవిడ కనబడితే రెండు రెమ్మలు కరివేపాకు అడిగి రమ్మని. మిద్దెల దగ్గర మాత్రం పెంకులు లేవు, మోకాలెత్తు పిట్టగోడే. నిజానికి నా దగ్గర కరివేపాకు ఉంది. వాడు మెట్లన్నీ ఎక్కి, చాలాసేపటికి దిగి వచ్చాడు. చేతిలో స్టీలు గిన్నె, దాన్నిండా కరివేపాకు, పైన రెండు నిమ్మకాయలు. ఆవిడకూ ఒక పాప ఉందట, వారం నుంచి ఇంట్లో పిచ్చెక్కిపోతోందట. మధ్యాహ్నం ఆ గిన్నెలో ఉప్మా పంపాను. సాయంత్రం సేమ్యాతో తిరిగొచ్చింది. ఇవాళ చిన్నది కూడా అన్నతో మెట్లెక్కింది, గిన్నెను ఇద్దరూ చెరో వైపు పట్టుకుని. బల్ల చుట్టూ పరుగెత్తమని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. రాత్రి ఇద్దరూ అన్నం మిగల్చకుండా తిన్నారు.

మన పెద్దవాళ్లు ఇల్లు కట్టేటప్పుడే గోడలో దారి విడిచిపెట్టేవాళ్లు. భయమేసిన రోజు దానికి డబ్బాలు అడ్డం పెట్టుకున్నా, తీసుకోవడానికి అక్కడొక తలుపంటూ ఉండేది. మనకు గోడలు మాత్రమే మిగిలాయి, దారి కావాలంటే రోజూ పిల్లల చేతికొక గిన్నె ఇచ్చి వెతుక్కోవాలి.

ఆ గిన్నె ఇప్పుడు కడిగి, ఎదురుగా బల్ల మీద బోర్లించి ఉంది. అంచున ఆవిడ పేరు చెక్కించుకున్నట్టుంది, దీపం వెలుగులో సరిగా కనబడటం లేదు. పొద్దున చూడాలి. ఇంట్లో చక్కెర అయిపోయింది, బెల్లం కొంచెం ఉంది. రేపు ఇందులో ఏం వేసి పంపాలా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను.